మీ పేజీ దిద్దేదెవరు? వెబ్ డిజైన్ శిక్షణ ఎంచుకోవడంపై ఒక ప్రసంగం

(వేరే పని చేస్తూ వెబ్ డిజైన్ వైపు రావాలనుకుంటున్నవారి కోసం విజయవాడలో ఏర్పాటు చేసిన సమావేశంలోని ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారు అడిగారు కాబట్టి రికార్డింగ్ విని రాసి పెడుతున్నాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంట్లో పనులు వదిలి వచ్చారు, సంతోషం. ముందు వరసల్లో డీటీపీ చేసేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. వెనక ప్రైవేటు స్కూళ్ల టీచర్లు ఉన్నారు. పిల్లలు చిన్నవాళ్లని ఉద్యోగం మానేసి, ఇప్పుడు మళ్లీ మొదలుపెడదామని వచ్చిన అమ్మలు ఉన్నారు. నేను కూడా ఏలూరు రోడ్డు పక్కన ఒక ప్రెస్సులో పేజీలు అమర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నవాణ్ణే. అక్కణ్ణుంచి ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు మా కంపెనీలో కొత్తగా చేరినవాళ్లు చేసిన పేజీలు చూసి దిద్దడం నా పనిలో పెద్ద భాగం.

లోపలికి వస్తుంటేనే ముగ్గురు నలుగురు అడిగారు. "సార్, ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చేరమంటారు? పేరు చెప్పండి చాలు." పేరు చెప్పనండి. ఎందుకు చెప్పనో కూడా చెప్తాను. ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో ఉదయం బ్యాచ్ చెప్పే ఆయన బాగుంటారు, సాయంత్రం బ్యాచ్‌కి ఇంకొకాయన వస్తారు. ఈ ఏడాది ఉన్న ఫ్యాకల్టీ వచ్చే ఏడాది వేరే చోటికి వెళ్లిపోతారు. బోర్డు మీద పేరు మాత్రం అదే ఉంటుంది. నేను ఇవాళ పేరు చెప్తే, మీరు ఆరు నెలల తర్వాత వెళ్లి చేరితే, నేను చెప్పిన మనిషి అక్కడ ఉంటాడో లేదో. అందుకని పేరు కాదు, ఎలా చూసి ఎంచుకోవాలో చెప్తాను.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. వెబ్ డిజైన్ అంటే ఒక ఉద్యోగం కాదు. కనీసం మూడు రకాల పనులు ఆ పేరు కింద ఉన్నాయి. ఫిగ్మా లాంటి టూల్‌లో స్క్రీన్లు గీసి, ఏ బటన్ ఎక్కడ ఉండాలో, మనిషి ఎటు నుంచి ఎటు వెళ్తాడో ఆలోచించేవాళ్లు ఒక రకం. వాళ్లను యూఐ డిజైనర్లు అంటాం. ఆ గీసినదాన్ని హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్‌తో బ్రౌజర్‌లో నిలబెట్టేవాళ్లు ఫ్రంట్ ఎండ్ డెవలపర్లు. పేజీలో ఏమేముందో చెప్పేది హెచ్‌టీఎంఎల్, అది ఎలా కనిపించాలో చెప్పేది సీఎస్‌ఎస్, నొక్కితే స్పందించేలా చేసేది జావాస్క్రిప్ట్. ఇక మూడో రకం, కోడ్ పెద్దగా రాయకుండానే సైట్ కట్టుకునే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద హాస్పిటళ్లకు, బట్టల షాపులకు, స్కూళ్లకు సైట్లు చేసిపెట్టేవాళ్లు. వీళ్లు ఎక్కువగా చిన్న ఏజెన్సీల్లోనో, సొంతంగానో చేస్తారు. ఈ మూడింటికీ కావాల్సిన నేర్పు కొంత ఒకటే, చాలావరకు వేరు. జీతాలు వేరు, ఇంటర్వ్యూలు వేరు, దొరికే ఊళ్లు కూడా వేరు.

మరి పాంప్లెట్ మీద ఏముంటుంది? "వెబ్ డిజైనింగ్ మూడు నెలలు." పక్కనే "ఫుల్ స్టాక్ ఆరు నెలలు." ఫుల్ స్టాక్ అంటే కనిపించే పేజీతో పాటు వెనక సర్వర్ పని కూడా. ఈ రెండిట్లో ఏది చేస్తే ఏ పనికి వెళ్తామో ఆ కాగితం మీద ఉండదు. మీరు అడగాలి. "ఈ కోర్సు అయ్యాక నేను ఏ పేరున్న ఉద్యోగానికి అప్లై చేయాలి?" ఈ ప్రశ్నకు "ఏదైనా చేయొచ్చు మేడమ్, అన్నిటికీ పనికొస్తుంది" అని సమాధానం వస్తే, ఆ కోర్సు ఎవరి కోసం తయారైందో వాళ్లకే తెలియదని అర్థం.

డీటీపీవాళ్లకు ఒక మాట. మీకు మార్జిన్ తెలుసు. ఒక పేజీలో హెడ్డింగ్‌కీ, పేరాకీ మధ్య ఎంత ఖాళీ ఉంటే కంటికి హాయిగా ఉంటుందో తెలుసు. అక్షరం సైజు, లైనుకూ లైనుకూ ఎడం తెలుసు. ఇంజినీరింగ్ చదివి వచ్చిన పిల్లలకు ఇవి నేర్పడానికి నాకు నెలలు పడుతుంది. మీరు సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు. ఈ మాట ఇన్‌స్టిట్యూట్ కౌన్సెలర్ మీకు చెప్పరు, ఎందుకంటే మీకు ఏమీ రాదని మీరు నమ్మితేనే పెద్ద ప్యాకేజీ కోర్సు అమ్మడం తేలిక.

సిలబస్ దగ్గరికి వద్దాం. మీలో కొంతమందికి గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఏ బోర్డు చూసినా వెబ్ డిజైనింగ్ అంటే ఫోటోషాప్, డ్రీమ్‌వీవర్, ఫ్లాష్. ఫ్లాష్‌లో యానిమేషన్ చేయడం వస్తే ఉద్యోగం ఖాయమనేవాళ్లు, కొన్నాళ్లు అది నిజం కూడా. తర్వాత ఏమైంది? 2020 డిసెంబర్ 31తో అడోబీ ఫ్లాష్ ప్లేయర్‌కి సపోర్ట్ ఆపేసింది. బ్రౌజర్లు దాన్ని తీసేశాయి. ఫ్లాష్ ఒక్కటే నేర్చుకున్నవాళ్లు మళ్లీ మొదటికి రావాల్సి వచ్చింది.

అదే కాలంలో హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ గట్టిగా నేర్చుకున్నవాళ్ల సంగతి చూడండి. టిమ్ బెర్నర్స్ లీ జెనీవా దగ్గర సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1989లో వెబ్ గురించి ప్రతిపాదన రాశారు. 1993లో సెర్న్ దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. జావాస్క్రిప్ట్ 1995లో వచ్చింది. సీఎస్‌ఎస్ మొదటి ప్రమాణం 1996లో వచ్చింది. ఆనాడు రాసిన సాదా హెచ్‌టీఎంఎల్ పేజీ ఇవాళ మీ ఫోన్‌లో తెరిస్తే ఇంకా కనిపిస్తుంది! ముప్పై ఏళ్లు దాటిన పునాది అది. దాని మీద కట్టుకునే టూల్స్ మారిపోతుంటాయి. బూట్‌స్ట్రాప్ 2011లో వచ్చింది, రియాక్ట్ 2013లో వచ్చింది, రేపు ఇంకోటి వస్తుంది.

కాబట్టి సిలబస్ కాగితం చేతికిచ్చినప్పుడు ఎన్ని టూల్స్ పేర్లున్నాయో లెక్కపెట్టకండి. పునాదికి ఎన్ని వారాలు ఇచ్చారో చూడండి. హెచ్‌టీఎంఎల్ రెండు రోజులు, సీఎస్‌ఎస్ మూడు రోజులు, ఆరో రోజు నుంచి బూట్‌స్ట్రాప్ అని ఉందనుకోండి, వద్దు. పేజీలో భాగాలను అమర్చే సీఎస్‌ఎస్ పద్ధతులు ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ ఉన్నాయా చూడండి. గ్రిడ్ 2017లోనే పెద్ద బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చేసింది. ఇంకా పాత పద్ధతి అయిన ఫ్లోట్లతోనే పేజీ అంతా అమర్చడం నేర్పుతుంటే ఆ నోట్సు పాతది, జిరాక్సు మీద జిరాక్సు తీసి పంచుతున్నారని అర్థం. సిలబస్ గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పను. ఎందుకంటే ఎక్కడైనా సిలబస్ కాగితం దాదాపు ఒకేలా ఉంటుంది. అసలు తేడా అక్కడ లేదు.

ఎక్కడుంది మరి? ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను, కాస్త జాగ్రత్తగా వినండి.

పాఠం ఉచితంగా దొరుకుతుంది. అవునా, కాదా? ఎండీఎన్ అనే సైట్ ఉంది, హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్‌ల వివరాలన్నీ అందులో ఉంటాయి. నేను రోజూ తెరుస్తాను, ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరూ తెరుస్తారు. ఫ్రీకోడ్‌క్యాంప్ 2014 నుంచి నడుస్తోంది, ఒక్క రూపాయి తీసుకోరు, అక్కడే టైప్ చేస్తూ నేర్చుకోవచ్చు. ఓడిన్ ప్రాజెక్ట్ అని ఇంకోటి, అదీ ఉచితమే. ఇవి ఇంగ్లీషులో ఉంటాయి, నిజమే. తెలుగులో అర్థమయ్యేలా చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడున్నాయి. అంటే పాఠానికి డబ్బు కట్టాల్సిన అవసరం లేదు. మరి ముప్పై వేలో, అరవై వేలో, లక్షో కట్టి మీరు కొంటున్నదేమిటి?

ప్రెస్సులో పనిచేసినవాళ్లు చెప్పండి. మ్యాటర్ కొట్టాక నేరుగా ప్లేటుకి పంపుతామా? పంపం. ప్రూఫ్ తీస్తాం. ఇంకొకరు చూస్తారు. మన కన్ను మన తప్పును చూడదు కాబట్టి, ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టి తిరిగి ఇస్తారు. దిద్దుతాం. మళ్లీ ప్రూఫ్ తీస్తాం. మళ్లీ చూస్తారు. మంచి ప్రూఫ్ రీడర్ దగ్గర ఏడాది పనిచేసిన కుర్రాడు, ఎవరూ చూడని చోట ఐదేళ్లు పనిచేసినవాడికంటే బాగా చేస్తాడు. ఇది మీ అందరికీ అనుభవమే. వెబ్ డిజైన్ కోర్సులో మీరు డబ్బు పెట్టి కొనాల్సింది ఆ ఎర్ర పెన్ను. మీరు చేసిన పేజీని ఒక మనిషి తెరిచి, ఇక్కడ తప్పు, ఇక్కడ ఇంకా బాగా చేయొచ్చు, మళ్లీ చేసి తీసుకురా అని చెప్పి, మళ్లీ తెచ్చాక మళ్లీ చూడాలి. అది లేని కోర్సు ఎంత పేరున్నదైనా, మీరు ఇంట్లో కూర్చొని ఉచితంగా వినగలిగే పాఠానికే ఫీజు కడుతున్నారు.

చిన్న లెక్క వేద్దాం. బ్యాచ్‌లో అరవై మంది ఉన్నారు. వారానికి ఒక్కొక్కరూ ఒక్క పేజీ చేశారు. ఒక్కో పేజీకి పది నిమిషాలు చూడాలన్నా ఆరొందల నిమిషాలు, అంటే పది గంటలు. పాఠం చెప్పే టైమ్ కాకుండా ఇది. ఆ ఫ్యాకల్టీకి రోజుకి మూడు బ్యాచ్‌లున్నాయి. ఆయన ఎంత మంచివారైనా చూడగలరా? చూడలేరు. పదిహేను మంది ఉన్న బ్యాచ్ అయితే ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలిచ్చినా ఐదు గంటలు. అది కుదిరే పని. అందుకే ఫీజు అడిగేముందు బ్యాచ్‌లో ఎంతమందో అడగండి. మా పనులు ఎవరు చూస్తారు, వారానికి ఎన్నిసార్లు చూస్తారు, రాసి ఇస్తారా, నోటితో చెప్తారా అని అడగండి.

ఇది నిజంగా జరుగుతోందో లేదో బయటినుంచి ఎలా తెలుస్తుంది? చాలా దారులున్నాయి. డెమో క్లాస్ నమ్ముకోకండి. డెమోకి వాళ్లలో బాగా మాట్లాడేవాళ్లను పంపుతారు. మొదటి రోజు పాఠం ఎవరు చెప్పినా బాగానే ఉంటుంది. "నడుస్తున్న బ్యాచ్‌లో మధ్యలో ఒక రోజు కూర్చుంటాను" అని అడగండి. ఒప్పుకుంటే వెళ్లి వెనక కూర్చొని ఫ్యాకల్టీని కాదు, పిల్లల చేతులు చూడండి. స్క్రీన్ మీద ఉన్నది చూసి దించుకుంటున్నారా? లేక తప్పు వచ్చినప్పుడు ఆగి, అది ఎందుకు వచ్చిందో వెతుకుతున్నారా? ఫ్యాకల్టీ వాళ్ల తప్పును తానే కీబోర్డు లాక్కుని సరిచేస్తున్నారా, లేక వాళ్లతోనే కనిపెట్టిస్తున్నారా? అరగంటలో తెలిసిపోతుంది.

ఇంకొకటి. పాత విద్యార్థుల గిట్‌హబ్ లింకులు అడగండి. గిట్‌హబ్ అంటే మనం రాసిన కోడ్ దాచుకునే, అందరికీ చూపించే చోటు. ఉచితమే. ఓ పది మందివి తెరిచి చూడండి. పదీ ఒకే సైట్ నకళ్లా? ఒకే ఫోటో, ఒకే రంగు, ఒకే పేర్లు, ఆఖరికి కోడ్‌లో ఒకే స్పెల్లింగ్ తప్పు? అలాంటి పోర్ట్‌ఫోలియోలు మా దగ్గరికి వస్తుంటాయండి. ఫలానా షాపింగ్ సైట్ క్లోన్, ఫలానా సినిమాల యాప్ క్లోన్. తెరిచిన నిమిషంలో మూసేస్తాం. ఆ పిల్లలు కష్టపడలేదని కాదు, ఆ పనిలో వాళ్లెవరో కనిపించరు. పది మందివి పది రకాలుగా ఉన్నాయంటే, అక్కడ ఎవరో కూర్చొని ఒక్కొక్కరి పనీ చూశారని అర్థం.

మన ఊరివాళ్లకు ఇంకో మంచి పరీక్ష ఉంది. తెలుగు పేజీ. మీ దగ్గరున్న ఏ పెళ్లిపత్రికో, స్కూల్ బ్రోచరో తీసుకోండి. డీటీపీలో వాడే అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్‌ను అలాగే బ్రౌజర్‌లో అతికిస్తే ఏమవుతుంది? అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ కాదు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల కోడ్‌లో లేదు. సరే, యూనికోడ్‌లోకి మార్చారు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఉచితంగా ఉన్నాయి, ఒకటి పెట్టారు. ఇప్పుడు పేరా చూడండి. "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటల్లో ఒత్తులు కింది లైను గుడికి తగులుతుంటాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపడేలా లైన్ హైట్, అంటే లైనుకూ లైనుకూ ఎడం, తక్కువ పెడితే అలాగే జరుగుతుంది. పేజ్‌మేకర్‌లో లీడింగ్ పెంచినట్టే ఇక్కడా పెంచాలి. అలాంటి పేజీ ఒకటి తీసుకెళ్లి ఫ్యాకల్టీకి చూపించండి. "సార్, ఈ ఒత్తులు ఎందుకు తగులుతున్నాయి?" ఆయనకు జవాబు వెంటనే తెలియకపోయినా ఫరవాలేదు. తెలుగు పేజీలు చేయనివాళ్లు చాలామంది ఉంటారు. కానీ ఆయన ఏం చేస్తారో చూడండి. బ్రౌజర్‌లో రైట్ క్లిక్ కొట్టి ఇన్‌స్పెక్ట్ తెరిచి, ఒక్కొక్క విలువ మార్చి చూస్తూ మీకు చూపించారా? అయితే ఆయన పని తెలిసిన మనిషి. "తెలుగు ఎందుకండీ, ఇంటర్వ్యూలో అడగరు" అన్నారా? ఆయనకు మీ పేజీ చూడాలని లేదు.

సిలబస్‌లో ఇంకొక్కటి తప్పకుండా అడగండి, యాక్సెసిబిలిటీ. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో సైట్ వింటారు, చేతులు సరిగ్గా కదలనివాళ్లు మౌస్ లేకుండా కీబోర్డుతో వాడతారు. వాళ్లకూ మన పేజీ పనిచేయాలి. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కనీసం నాలుగున్నరకి ఒకటి నిష్పత్తిలో తేడా ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2025 ఏప్రిల్ 30న మన సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ముఖం చూపించి, కళ్లార్పించి చేసే కేవైసీ తమవల్ల కావడం లేదని యాసిడ్ దాడి బాధితులూ చూపులేనివారూ వేసిన కేసు అది. యూరప్‌లో కూడా 2025 జూన్ 28 నుంచి దీని మీద చట్టం అమల్లోకి వచ్చింది. అక్కడి క్లయింట్ల పనులు హైదరాబాద్‌లోనే జరుగుతాయి కదా. ఇది తెలిసిన ఫ్రెషర్ మాకు అరుదుగా దొరుకుతాడు. నేర్పే చోటు దొరికితే వదలకండి.

ఇక డబ్బు. ఇక్కడ మనవాళ్లు చాలామంది దెబ్బతింటున్నారు, అందుకని కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

"ఫీజు ఇప్పుడే కట్టక్కర్లేదు, నెలకు ఇంత ఈఎంఐ" అంటారు. అది ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే వాయిదా అనుకుంటారు మీరు. చాలాసార్లు కాదు. ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద అప్పు ఇస్తుంది, ఆ మొత్తం ఒకేసారి ఇన్‌స్టిట్యూట్ ఖాతాలో పడిపోతుంది. మీరు రెండో నెలలో మానేసినా, వాళ్లు మూడో నెలలో షట్టర్ దించేసినా, అప్పు మీది. కట్టకపోతే మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు ఇంటి లోను దగ్గర అడ్డుపడుతుంది. ఆధార్, పాన్ అడిగి, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పమన్నారంటే ఆగండి. "ఇది అప్పా? ఎవరు ఇస్తున్నారు?" అని అడగండి. ఇలా ఫోన్ మీద, ఆన్‌లైన్‌లో ఇచ్చే అప్పులకు రిజర్వు బ్యాంకు 2022లో నియమాలు పెట్టింది. వడ్డీ, ఛార్జీలు అన్నీ కలిపి రాసిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ మీకు ముందే ఇవ్వాలి. తీసుకున్నాక మనసు మారితే బయటపడడానికి కొంత గడువు కూడా ఇవ్వాలి. ఆ గడువులో అసలూ, ఆ రోజులకు లెక్క ప్రకారం వడ్డీ కడితే పెనాల్టీ ఉండదు. ఆ కాగితం అడగండి. చదవండి. అర్థం కాకపోతే బ్యాంకులో పనిచేసే బంధువుకి చూపించండి, కాని సంతకం మాత్రం ఆ రోజే పెట్టకండి.

"ఇవాళ చేరితే పది వేలు తగ్గింపు, రేపటికి ఉండదు." ఈ మాట వినగానే బయటికి వచ్చేయండి. వారం తర్వాత వెళ్లినా ఆ తగ్గింపు ఉంటుంది.

ఉద్యోగం గ్యారంటీ అని రాస్తారు. దాని కింద చిన్న అక్షరాల్లో "సహాయం" అని ఉంటుంది. సహాయానికీ గ్యారంటీకీ ఎంత తేడా! కోచింగ్ సెంటర్లు ఇలాంటి తప్పుదోవ పట్టించే ప్రకటనలు వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. మోసం జరిగితే 1915 నంబరుకి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫిర్యాదు చేయాలంటే కాగితాలు కావాలి. కాబట్టి ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. శిక్షణ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. జీఎస్టీ పేరు చెప్పి వసూలు చేసి జీఎస్టీ నంబరు లేని తెల్ల కాగితం మీద రసీదిస్తే అది రసీదు కాదు.

ప్లేస్‌మెంట్ గురించి ఇలా అడగండి. "గత ఏడాది ఈ కోర్సులోనే ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు, వాళ్లలో ఎంతమందికి ఈ పనిలోనే ఉద్యోగం వచ్చింది?" ఈ పనిలోనే అన్న మాట గట్టిగా అడగండి. కాల్ సెంటర్‌లో చేరినవాళ్ల ఫోటో కూడా ఫ్లెక్సీ మీద వేసేస్తారు. వాళ్లలో ముగ్గురితో ఫోన్‌లో మాట్లాడిస్తారా అనండి. మాట్లాడితే ఒక్క ప్రశ్న చాలు: "మీ పని ఎవరు చూసేవారు?"

ఇంకో రెండు మాటలు చెప్పి ఈ డబ్బు సంగతి వదిలేస్తాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇస్తేనే చేర్చుకుంటామంటే ఆ చోటు మీకొద్దు. రెండోది, "రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం" అంటారు. దొంగ అనుభవం. దయచేసి వద్దు. కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి. పీఎఫ్ వివరాలు చూస్తాయి. చేరిన ఆరు నెలలకు పట్టుబడి ఉద్యోగం పోయినవాళ్లున్నారు. నలభై ఏళ్ల వయసులో, ఇంట్లో పిల్లలు చూస్తుండగా అలాంటి అవమానం ఎవరికీ రాకూడదు. మీ నిజమైన అనుభవం, ప్రెస్సులో పదేళ్లు, స్కూల్లో ఎనిమిదేళ్లు, దాన్నే ధైర్యంగా రాసుకోండి.

ఏఐ గురించి అడుగుతారని తెలుసు. "ఒక్క మాట టైప్ చేస్తే పేజీ వచ్చేస్తోంది కదా, ఇప్పుడు నేర్చుకోవడం ఎందుకు?" అడగాల్సిన ప్రశ్నే. మెత్తగా చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టను. డిజైన్ చూసి దాన్ని కోడ్‌లో దించి ఇవ్వడం మాత్రమే వచ్చినవాళ్లకు పని తగ్గింది. మేమూ ఆ టూల్స్ వాడుతున్నాం. అయితే అది ఇచ్చిన పేజీ ఫోన్‌లో తెరిస్తే మెనూ తెగిపోతుంది. తెలుగు ఒత్తులు తగులుకుంటాయి. కీబోర్డుతో వెళ్తే ఫారమ్ మధ్యలో ఇరుక్కుపోతుంది. అది కనిపెట్టే కన్ను, సరిచేసే చెయ్యి కావాలి. ఆ కన్ను ఎలా వస్తుంది? మళ్లీ అక్కడికే వచ్చాం, ఎవరో ఒకరు మీ పేజీ దిద్దగా దిద్దగా వస్తుంది. కాబట్టి కోర్సులో ఏఐ నేర్పుతారా లేదా అన్నది కాదు, అది రాసిన కోడ్‌లో ప్రతి లైనూ ఎందుకుందో మీచేత చెప్పిస్తారా అని అడగండి.

హైదరాబాద్ వెళ్లాలా, ఆన్‌లైన్‌లో చేయాలా? ఇంట్లో సంపాదించేది మీరొక్కరే అయితే ఉద్యోగం మానకండి. హాస్టల్ ఖర్చు, పోయే జీతం రెండూ కలిపితే ఫీజుకంటే ఎక్కువ. సాయంత్రం బ్యాచో, శని ఆదివారాల బ్యాచో చూసుకోండి. ఆన్‌లైన్ అయినా ఫరవాలేదు, కానీ రికార్డు చేసిన వీడియోలు కాదు. ఎదురుగా మనిషి ఉండాలి, మీ స్క్రీన్ చూడాలి. ల్యాప్‌టాప్ కొత్తది కొనక్కర్లేదు, ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న పాతదైనా చాలు. ఇంగ్లీషు మాట్లాడడం తర్వాత వస్తుంది, చదవడం మాత్రం మొదటి రోజు నుంచి అలవాటు చేసుకోండి. ఎర్రర్ వచ్చినప్పుడు అది చెప్పేది ఇంగ్లీషులోనే.

ఆఖరుగా, ఎక్కడా డబ్బు కట్టకముందు చేయాల్సిన పని ఒకటుంది. ఉచిత పాఠాలతోనే సొంతంగా ఒక్క పేజీ చేయండి. మీ ప్రెస్సు రేట్ల పట్టిక చేయండి. మీ స్కూల్ టైమ్‌టేబుల్ చేయండి. అందం వద్దు, ఫోన్‌లో తెరిస్తే చదవడానికి వీలుగా ఉంటే చాలు. గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టొచ్చు. చేస్తుంటే విసుగొచ్చి మధ్యలో వదిలేశారా? మంచిదే, అరవై వేలు మిగిలాయి, ఈ పని మీకు నచ్చేది కాదని ఇంట్లో కూర్చొనే తెలిసింది. రాత్రి పన్నెండైనా వదలబుద్ధి కాలేదా? అయితే ఆ పేజీ పట్టుకొని ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లండి. ఫ్యాకల్టీ ముందు పెట్టండి. "సార్, ఇందులో తప్పులేంటి?" అని అడగండి. "ముందు చేరండి, తర్వాత చూద్దాం" అంటే లేచి నమస్కారం పెట్టి వచ్చేయండి. ఐదు నిమిషాలు కూర్చొని, ఇదిగో ఇక్కడ హెడ్డింగ్ ట్యాగ్ తప్పు, ఈ టేబుల్ ఫోన్‌లో పక్కకి జారిపోతోంది, రేపు సరిచేసి మళ్లీ చూపించండి అన్నారా? అక్కడ చేరండి. ఆ చోటు మూడో అంతస్తులో ఏసీ లేని గది అయినా సరే.

ఇప్పుడు మీరు అడగండి.

(సభలో ఒకరు అడిగిన ప్రశ్న: నాకు నలభై రెండేళ్లు. డీటీపీ తప్ప ఏమీ చేయలేదు. ఈ కోర్సు చేసినా నన్ను ఎవరు తీసుకుంటారు?)

పేరున్న పెద్ద కంపెనీల్లో ఫ్రెషర్‌గా మీ వయసువాళ్లను తీసుకోవడం కష్టం అన్నయ్యా. కాలేజీలకు వెళ్లి ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లవాళ్లను తీసుకుంటారు. ఆ క్యూలో నిలబడకండి. మీ ప్రెస్సుకి విజిటింగ్ కార్డులు, బ్రోచర్లు, బిల్లు పుస్తకాలు వేయించుకోవడానికి ఎవరెవరు వస్తారు? నర్సింగ్ హోమ్‌లు, ఫంక్షన్ హాళ్లు, ట్యుటోరియళ్లు, బంగారం షాపులు. వాళ్ల లోగో ఒరిజినల్ ఫైలు మీ సిస్టమ్‌లోనే ఉంటుంది, అవునా? వాళ్ల అక్షరం, రంగు అన్నీ మీకు తెలుసు. వాళ్లకు మీ మీద నమ్మకం ఉంది, ఫోన్ చేస్తే ఎత్తుతారు. కొత్తగా వచ్చిన ఇంజినీరు కుర్రాడికి ఇవేవీ లేవు. మీరు మూడో రకం పని, వర్డ్‌ప్రెస్ వైపు చూడండి. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ గట్టిగా, దాని మీద వర్డ్‌ప్రెస్. కోర్సు వెతికేటప్పుడు కూడా అక్కడ నేర్పేవాళ్లు నిజం క్లయింట్లకు సైట్లు చేసి ఇస్తున్నారా అని చూడండి. డొమైన్, అంటే సైట్ అడ్రసు, ఎవరి పేరున కొనాలి, ఏటా రెన్యువల్ డబ్బు ఎవరు కట్టాలి, సైట్ హ్యాక్ అయితే బ్యాకప్ ఎక్కడుంది, ఇవి నేర్పేవాళ్లు కావాలి మీకు. ప్రెస్సు మానొద్దు. మొదటి సైట్ మీ ప్రెస్సుదే చేయండి, ఓనర్‌ని అడిగి. రెండోది, ఎన్నాళ్లుగానో మీ దగ్గరే బ్రోచర్లు వేయించుకుంటున్న ఆ నర్సింగ్ హోమ్ డాక్టరుగారిని అడగండి. డొమైన్, హోస్టింగ్ (సైట్ ఉంచే సర్వర్ అద్దె) ఖర్చు ఆయన పేరు మీదే పెట్టించి, మీ పనికి తక్కువైనా సరే డబ్బు తీసుకునే చేయండి.